36 సైరన్ పాయింట్లు ఉన్నా ఒక్కటీ మోగలేదు: విశాఖ ప్లాంట్లలో సేఫ్టీ మాట కార్మికుడి దాకా ఎందుకు చేరట్లేదు

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి ఊళ్ళోకి వచ్చేసింది, జనం మంచి నిద్రలో ఉన్నారు, మెలకువ వచ్చినవాళ్ళు వచ్చినట్టే రోడ్డెక్కి పరిగెత్తి అక్కడే కుప్పకూలిపోయారు, 12 మంది చనిపోయారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రిపోర్టులో ట్యాంకు టెంపరేచర్ గురించి, ఇన్హిబిటర్ (స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారకుండా కలిపే రసాయనం) గురించి బోలెడు టెక్నికల్ సంగతులున్నాయి, అవన్నీ ముఖ్యమే. కానీ వాటి మధ్యలో ఒక చిన్న విషయం ఉంది, చాలామంది దాన్ని చదివి వదిలేశారు. ఆ ఫ్యాక్టరీలో ఎమర్జెన్సీ సైరన్ మోగించడానికి గేటుతో కలిపి 36 పాయింట్లు ఉన్నాయి, ఆ రాత్రి ఒక్క పాయింటు నుంచి కూడా సైరన్ మోగలేదు.

అంటే సామాను ఉంది, వైరింగ్ ఉంది, బటన్ ఉంది. ఆ రాత్రి ఎవరు ఎందుకు నొక్కలేదన్నది కమిటీలూ కోర్టులూ తేల్చాల్సిన విషయం, దాన్ని అలా ఉంచితే, ఇవాళ పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో ఆటోనగర్‌లోనో సీ షిఫ్టులో (రాత్రి షిఫ్టు) పనిచేసే ఒక కాంట్రాక్ట్ హెల్పర్‌ని పక్కకి పిలిచి అడిగితే ఏమంటాడు? సైరన్ బటన్ ఎక్కడుందో తెలుసా, నువ్వు నొక్కొచ్చా, నొక్కితే నీ మీద ఎవరైనా అరుస్తారా, ఈ మూడు ప్రశ్నలు చాలు. మొదటిదానికి కొందరు చూపిస్తారు. రెండోదానికి "సార్‌ని అడగాలి" అంటారు. మూడోదానికి నవ్వేసి ఊరుకుంటారు. సేఫ్టీ గురించి కార్మికుడికి చెప్పడం అంటే అసలు విషయం ఈ రెండో, మూడో ప్రశ్నల్లో ఉంది, మనం మాత్రం ఎప్పుడూ మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాం, బోర్డు పెట్టాం, బటన్ పెట్టాం, సంతకం తీసుకున్నాం అని.

గేటు దగ్గర సంతకం

సాధారణంగా జరిగేది ఇది. కొత్త కాంట్రాక్ట్ లేబర్ పొద్దున్నే గేటు దగ్గరకి వస్తారు, ఆధార్ జిరాక్సు, ఫొటోలు, మెడికల్ ఫిట్‌నెస్ కాగితం ఇస్తారు, ఒక గదిలో కూర్చోబెట్టి ఇండక్షన్ అని ఒక గంట పీపీటీ వేస్తారు, స్లైడ్లు ఇంగ్లీషులో ఉంటాయి, చెప్పేవాళ్ళు తెలుగూ ఇంగ్లీషూ కలిపి చదివేస్తారు, చివర్లో ఒక రిజిస్టర్ తిప్పుతారు, అందరూ సంతకాలు పెడతారు, రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు, హెల్మెట్టూ గేట్ పాసూ చేతికొస్తాయి. ఆ గదిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడుంటాడు, ఒడిశా రాయగడ నుంచి వచ్చినవాడుంటాడు, బీహార్ నుంచి జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళుంటారు. నిన్నంతా రైల్లో ప్రయాణం, రాత్రి నిద్ర లేదు, ఏసీ గది, చాలామంది కళ్ళు మూసుకుపోతుంటాయి. వాళ్ళ ధ్యాసంతా పాస్ ఎప్పుడిస్తారా, ఇవాళ హాజరు పడుతుందా లేదా అనే దాని మీదే ఉంటుంది. అది తప్పు కాదు, రోజు కూలి మీద బతికేవాడికి అదే పెద్ద విషయం.

ఆ సంతకం ఎవరికోసం? రేపు ఏదైనా జరిగితే "మేం చెప్పాం" అని చూపించడానికి. ఇంత కఠినంగా అనాలా అంటే అనాల్సిందే, ఎందుకంటే ఆ గంట మొత్తం తయారైన తీరే అలా ఉంది, చెప్పినట్టు రికార్డు ఉండడమే దాని లక్ష్యం, అర్థమైందా లేదా అని చూసే ఏర్పాటు అందులో ఎక్కడా లేదు.

చట్టంలో కూడా ఒక సందు ఉండేది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 108 ప్రకారం ఫ్యాక్టరీలో పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలి. ఎక్కువమందికి అంటే, వందమందిలో అరవైమంది తెలుగువాళ్ళైతే తెలుగులో పెడితే రూలు పూర్తయిపోయింది. మిగతా నలభైమంది? ట్యాంకులు కడిగేది, ఇన్సులేషన్ చేసేది, ఎత్తు మీద పెయింటింగ్ వేసేది చాలాచోట్ల ఆ నలభైమందిలోనివాళ్ళే. ఎక్కువ ప్రమాదం ఉన్న పని తక్కువ అర్థమయ్యేవాడి చేతికి వెళ్తోంది. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో ట్రయల్ చేస్తుండగా భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోతే వాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్ట్ సంస్థల తరఫున పనిచేస్తున్నవాళ్ళే అన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి.

భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు మంచి సెక్షన్లే పెట్టారు. 41బీ ప్రకారం ప్రమాదకర ప్రాసెస్ నడిపే యాజమాన్యం ఆ ప్రమాదాలేంటో కార్మికులకీ, చుట్టుపక్కల జనానికీ చెప్పాలి. 41హెచ్ ప్రకారం ప్రాణానికి వెంటనే ముప్పు ఉందని కార్మికుడికి అనిపిస్తే నేరుగా గానీ సేఫ్టీ కమిటీ ద్వారా గానీ మేనేజ్‌మెంట్‌కి చెప్పొచ్చు, వాళ్ళు వెంటనే పట్టించుకుని తీరాలి. 111ఏ ప్రకారం తన ఆరోగ్యానికీ భద్రతకీ సంబంధించిన సమాచారం అడిగి తీసుకోవడం కార్మికుడి హక్కు. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) అమల్లోకొచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. నంబరు ఏదైనా, ఆ హక్కు ఉందని ఇండక్షన్ పీపీటీలో ఒక స్లైడ్ అయినా ఉంటుందా అన్నది అనుమానమే. హెల్మెట్ పెట్టుకోకపోతే ఫైన్ ఎంతో మాత్రం స్లైడ్ ఉంటుంది.

జడ వాయువు అంటే ఎవరికి భయం?

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి, అసలు నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే.

తెలుగులో బోర్డు పెట్టాం అంటారు, ఆ తెలుగు ఎలా ఉంటుందో చూడండి. జ్వలనశీల ద్రవం, పరిమిత ప్రదేశం, జడ వాయువు, వ్యక్తిగత రక్షణ సామగ్రి. ప్లాంటులో ఏ ఒక్కడూ ఈ మాటలు నోటితో అనడు. "మ్యాన్‌హోల్లోకి దిగాలి", "వెసల్ క్లీనింగ్ ఉంది", "సాల్వెంట్ అంటుకుంటది జాగ్రత్త" అంటారు. బోర్డు మీద తెలుగు ఇంగ్లీషు ఎంత దూరమో అంతే దూరంలో ఉంటే దాన్ని తెలుగులో పెట్టి ఏం లాభం?

నైట్రోజన్ విషయమే తీసుకోండి. రియాక్టర్లలో, అంటే రసాయనాలు కలిపే పెద్ద మూసిన పాత్రల్లో (వెసల్ అన్నా ఇలాంటి పాత్రే), మంట అంటుకోకుండా నైట్రోజన్ నింపుతారు, బ్లాంకెటింగ్ అంటారు. దాన్ని "జడ వాయువు" అని రాస్తే చదివినవాడికి ఏం తోస్తుంది, జడం అంటే ఏమీ చెయ్యదు, నిద్రపోతున్నట్టు ఉంటుంది అని. పైగా బడికెళ్ళిన ప్రతివాడికీ గాలిలో ఎక్కువభాగం నైట్రోజనే అని గుర్తుంటుంది, మనం రోజూ పీల్చేదే కదా అనుకుంటాడు. నిజానికి మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క, నైట్రోజన్ నింపిన వెసల్లో అది దాదాపు ఏమీ ఉండకపోవచ్చు, అలాంటిచోట తల లోపల పెట్టి రెండుమూడు సార్లు ఊపిరి తీసుకుంటే చాలు స్పృహ పోతుంది. దగ్గు రాదు, కళ్ళు మండవు, వాసన ఉండదు, ఊపిరాడట్లేదని కూడా తెలియదు. కాబట్టి చెప్పాల్సిన మాట "జడ వాయువు" కాదు, "లోపల గాలి లేదు, తల పెడితే పడిపోతావు" అని. ఇంకో మాట కూడా చెప్పాలి, మెడలో వేలాడే కార్ట్రిడ్జ్ మాస్క్ అక్కడ పనిచెయ్యదు అని. అది గాలిలో ఉన్న గ్యాస్‌ని వడగడుతుంది అంతే, లేని ఆక్సిజన్‌ని తెచ్చి ఇవ్వదు. మాస్క్ ఉంది కదా అనే ధైర్యంతో దిగేవాళ్ళకి ఈ తేడా ఎవరూ చెప్పకపోతే ఆ మాస్కే వాళ్ళని లోపలికి పంపినట్టు అవుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ దీనికి రివర్స్. కుళ్ళిన కోడిగుడ్డు వాసన అని అందరూ చెప్తారు, అందరికీ గుర్తుంటుంది కూడా. చెప్పనిది రెండో సగం: గ్యాస్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దాకా వెళ్తే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన రావడం ఆగిపోతుంది. "వాసన పోయింది, క్లియర్ అయింది" అనుకుని ముందుకెళ్ళేవాడు అసలు ప్రమాదంలోకి అడుగుపెడుతున్నాడన్నమాట. 2020 జూన్ చివర్లో పరవాడ ఫార్మా సిటీలోని సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో ఈ గ్యాసే లీకై ఇద్దరు చనిపోయారు. సగం నిజం చెప్పడం కొన్నిసార్లు అసలు చెప్పకపోవడం కంటే ప్రమాదం, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇవన్నీ మన ఊళ్ళవాళ్ళకి అర్థంకాని సంగతులేం కాదు. పాడుబడిన నూతిలోకి దిగేముందు లాంతరు తాడుకి కట్టి దింపి చూసేవాళ్ళు, ఆరిపోతే దిగేవాళ్ళు కాదు. ధాన్యం పాతర తీసినరోజే లోపలికి దూకేవాళ్ళు కాదు, మూత తీసి గాలి తగలనిచ్చేవాళ్ళు. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి ఆక్సిజన్ డెఫిషియెన్సీ అని చెప్తే పట్టదు గానీ "మీ తాత నూతిలోకి లాంతరు ఎందుకు దింపేవాడు?" అని అడిగితే టక్కున అందుకుంటాడు. అక్కడితో ఆపకూడదు, వెంటనే రెండో మాట చెప్పాలి: ఇక్కడ లాంతరు దింపితే ప్లాంటే లేచిపోతుంది, అందుకే మీటర్ దింపుతాం, మీటర్ రీడింగ్ పేపర్ మీద పడకుండా, పర్మిట్ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి కాగితం) మీద సంతకం లేకుండా ఎవడు దిగమన్నా దిగొద్దు. పాత ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 36 చెప్పింది కూడా ఇదే, తగిన వ్యక్తి పరీక్షించి రాసిన సర్టిఫికెట్ ఉండాలి, లేదా గాలి అందించే పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టు కట్టుకుని, దాని తాడు రెండో కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలి.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట ఒకటుంది. అమెరికాలో కార్మిక ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది, ఇలాంటి ట్యాంకుల్లో, గొయ్యిల్లో చనిపోయేవాళ్ళలో 60 శాతానికి పైగా ముందు దిగినవాళ్ళు కాదు, వాళ్ళని కాపాడదామని వెనక దిగినవాళ్ళు. మన దగ్గర కూడా డ్రైనేజీ మ్యాన్‌హోల్ వార్తలు చదివితే వరస అదే, ఒకడు దిగి పడిపోతాడు, అన్నో తమ్ముడో పక్కవాడో దిగుతాడు. దీన్ని బోర్డు మీద రాసి లాభం లేదు, ఎందుకంటే అది మనిషిలో ఉన్న మంచికి ఎదురెళ్ళే మాట. అలాంటి మాటని ఎదురుగా కూర్చుని, వాళ్ళ మాటల్లోనే మాట్లాడి ఒప్పించాలి:

"ఏరా అప్పన్నా, లోపల మనోడు పడిపోనాడనుకో, నువ్వేటి చేస్తావు?"

"ఏటి చేస్తాను మేస్త్రీ, దిగి లాగుతాను."

"దిగేక నువ్వూ పడిపోతే?"

"...ఇంకోడు దిగుతాడు."

"వాడూ పడిపోతాడు. అందుకే దిగొద్దు. గట్టిగా కేకెయ్యి, సైరన్ నొక్కు, తాడు లాగు. వాణ్ణి బతికించాలంటే నువ్వు బయటుండాల."

ఇది రెండు నిమిషాల సంభాషణ. ఒకసారి కాదు, వెసల్లోకి దిగే ప్రతిసారీ జరగాలి, దిగేవాడితోనూ, బయట తాడు పట్టుకునేవాడితోనూ.

చెప్పేది ఎవరు

పై సంభాషణలో మాట్లాడింది మేస్త్రీ, సేఫ్టీ ఆఫీసర్ కాదు, కావాలనే అలా రాసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నెలకోసారి వచ్చి మైకులో చెప్పే సార్ మాట కంటే రోజూ కూడా ఉండి టీ ఇప్పించే మేస్త్రీ మాట కార్మికుడికి ఎక్కువ. మేస్త్రీ "ఏం కాదులేరా, ఐదు నిమిషాల పని, కానిచ్చెయ్" అన్నాడంటే పొద్దున్న విన్న ట్రైనింగ్ మొత్తం ఆ ఒక్క మాటతో చెల్లిపోయినట్టే. కాబట్టి కంపెనీలు ట్రైనింగ్ డబ్బులు ఎక్కడ ఖర్చుపెట్టాలి అంటే ముందు మేస్త్రీల మీద, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ల మీద పెట్టాలి. ఒడియా కుర్రాళ్ళ గ్యాంగుకి ఒడియా మాట్లాడే గ్యాంగ్ లీడర్ ఎవడో వాడిని సేఫ్టీ గదికి పిలిచి, నాలుగు రోజులు కూర్చోబెట్టి, కూలి ఇచ్చి మరీ నేర్పించాలి.

టూల్‌బాక్స్ టాక్ అని రోజూ పని మొదలయ్యేముందు పది నిమిషాలు మాట్లాడే పద్ధతి మన ప్లాంట్లన్నిట్లో పేరుకి ఉంది, మంచి పద్ధతి. కానీ చాలాచోట్ల అది ప్రార్థనలా అయిపోయింది, రోజూ అదే హెల్మెట్, అదే బూట్లు, అదే "సేఫ్టీ ఫస్ట్", అందరూ చేతులు కట్టుకుని నిలబడి వింటారు, మనసు ఇంకెక్కడో ఉంటుంది. పనికొచ్చే టాక్ ఆ రోజు పని గురించి మాత్రమే ఉంటుంది. ఇవాళ రెండో ఫ్లోర్‌లో పైపు వెల్డింగ్ ఉంది అనుకుంటే, వెల్డింగ్ రవ్వలు గ్రేటింగ్ (ఇనప జాలీ నేల) సందుల్లోంచి ఎక్కడ పడతాయి, కింద సాల్వెంట్ డ్రమ్ములున్నాయా, డ్రెయిన్ మూత మూశారా, ఫైర్ బకెట్ దగ్గర ఎవరు నిలబడతారు, ఆ మనిషి టీకి వెళ్తే పని ఆపేది ఎవరు. ఇంతే. హెల్మెట్ గురించి మాట్లాడకపోయినా పర్లేదు.

సాల్వెంట్ (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవం) ఆవిరి గురించి చెప్పేటప్పుడు ఒక అపోహ ముందు తీసెయ్యాలి. ఆవిరి అంటే పైకి పోతుంది అనుకుంటాం, అన్నం గిన్నె మూత తీస్తే పైకే పోతుంది కదా. టొలీన్, స్టైరీన్, ఎంటీబీఈ అనే ఇలాంటి ద్రవాల ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు, అది నీళ్ళలా కిందకి జారి, నేల మీద పాకి, గుంటల్లో చేరి, ఎక్కడో దూరంగా ఒక ప్యానల్ దగ్గర నిప్పురవ్వ దొరికేదాకా వెళ్తుంది. ఎంటీబీఈ అయితే సున్నాకి దిగువ 28 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది, మన ఎండల్లో దాని సంగతి చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా కంపెనీలో 17 మంది ప్రాణాలు తీసిన పేలుడుకి ఈ సాల్వెంట్ లీకే మూలం అని అధికారులు చెప్పారు. "ఇక్కడ కారితే అక్కడ అంటుకుంటది" అన్న ఒక్క వాక్యం, దాన్ని బొమ్మ గీసి చూపిస్తే, పైన వాల్వ్ దగ్గర కారుతున్న చుక్కని చూసి కింద పనిచేసేవాళ్ళని బయటికి పంపించాలనే ఆలోచన వస్తుంది. లేకపోతే గుడ్డ పెట్టి తుడిచేసి ఊరుకుంటాడు.

టాక్ అయిపోయాక "అర్థమైందా?" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. నలుగురిలో అర్థం కాలేదని ఎవడు చెప్తాడు, అందులోనూ భాష రానివాడు? అందుకే ఆ ప్రశ్న మానేసి "ఏదీ, నువ్వు చెప్పు, యాసిడ్ కంట్లో పడితే ఎక్కడికెళ్తావు, ఎంతసేపు కడుగుతావు?" అని అడగాలి. ఐవాష్ (కళ్ళు కడుక్కునే నీళ్ళ ఏర్పాటు) ఎటుందో చెయ్యి చూపించాలి, 15 నిమిషాలు అనాలి. "కడుగుతాను సార్" అనేవాడు రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుని ఆపేస్తాడు, వాడి తప్పు కాదు, 15 నిమిషాలు అంటే ఎంతసేపో నిలబెట్టి ఎవరూ చూపించలేదు. ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్) అని ప్రతి కెమికల్‌కీ 16 భాగాల కాగితం ఉంటుంది, ఫైల్లో భద్రంగా ఉంటుంది, అందులోంచి కార్మికుడికి కావాల్సినవి నాలుగు ముక్కలే: ముట్టుకుంటే ఏమవుతుంది, పీలిస్తే ఏమవుతుంది, దేనితో కలవకూడదు, మీద పడితే మొదటి నిమిషంలో ఏం చెయ్యాలి. ఆ నాలుగూ డ్రమ్ము పక్కన గోడ మీద తెలుగు, హిందీ, ఒడియాల్లో ఉంటే చాలు. చదవలేనివాళ్ళకి అవే మాటలు వాళ్ళ భాషలో వాయిస్ రికార్డు చేసి గ్యాంగ్ వాట్సాప్ గ్రూపులో పెడితే బస్సులో వస్తూ వింటారు, దీనికి పెద్ద ఖర్చేం కాదు.

డబ్బాల మీద ఎర్ర అంచు డైమండ్ బొమ్మలు ఉంటాయి, భాష రాకపోయినా అర్థమవుతాయని వాటి మీద ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారు. పుర్రె బొమ్మ, మంట బొమ్మ ఎవరికైనా అర్థమవుతాయి. కానీ ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన మనిషి బొమ్మ చూస్తే, ఇది ఏళ్ళ తరబడి పీలిస్తే క్యాన్సర్‌లాంటి జబ్బు తెచ్చేది అని చెప్పకుండా ఎవరికి తెలుస్తుంది? గుండ్రం మీద మంట ఉన్న బొమ్మకీ ఉత్త మంట బొమ్మకీ తేడా చాలామంది సూపర్‌వైజర్లకే తెలీదు, మొదటిది తాను మండదు, పక్కదాన్ని మండిస్తుంది, అందుకే ఆ రెండు డ్రమ్ములూ ఒకే షెడ్డులో ఉండకూడదు.

కింద నుంచి పైకి

ఇప్పటిదాకా చెప్పిందంతా పై నుంచి కిందకి వెళ్ళే మాట. కింద నుంచి పైకి వచ్చే మాట సంగతి ఇంకా అన్యాయంగా ఉంది.

పైపు ఫ్లాంజ్ (రెండు పైపుల్ని కలిపే జాయింటు) దగ్గర చెమ్మ, పంపు శబ్దం మారడం, ఒక వాల్వ్ బిగుసుకుపోవడం, ఇవన్నీ ముందు తెలిసేది దాని పక్కన ఎనిమిది గంటలు నిలబడేవాడికే. నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టు అని కాగితం ఉంటుంది, ఇంగ్లీషులో, ఎనిమిది కాలమ్‌లతో. అది నింపితే "ఆ టైంలో నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?" అనే ప్రశ్న మొదట వస్తుంది. కాంట్రాక్ట్ మనిషికైతే ఇంకో భయం, ఎక్కువ మాట్లాడితే వచ్చే నెల పాస్ రెన్యువల్ కాదేమో అని. దీనికి తోడు గేటు దగ్గర "యాక్సిడెంట్ లేకుండా ఇన్ని రోజులు" అని పెద్ద బోర్డు, ఆ లెక్క పూర్తయితే అందరికీ బహుమతి. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ జరిగేది ఏంటంటే వేలు నలిగినవాడు కూడా బయట ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని జ్వరం అని లీవు పెడతాడు, నా వల్ల అందరి బహుమతి పోయిందని అనిపించుకోవడం ఎందుకు అని. బోర్డు మీద నంబరు పెరుగుతూనే ఉంటుంది. అలాంటి బోర్డులు తీసెయ్యడం మంచిది, వాటి బదులు ఈ నెల కార్మికులు చెప్పిన లోపాలు ఎన్ని, వాటిలో బాగుచేసినవి ఎన్ని అని రాస్తే బాగుంటుంది. చెప్పినదానికి వారంలో జవాబు వస్తే రెండోసారి చెప్తాడు, జవాబు రాకపోతే ఇక చెప్పడు. జవాబు "చెయ్యలేం, ఇదీ కారణం" అని అయినా పర్లేదు.

షిఫ్టు మారేటప్పుడు ఒక ఆపరేటర్ ఇంకో ఆపరేటర్‌కి చెప్పే మాట కూడా ఇలాంటిదే. 1988 జూలై 6న నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోయారు. పగలు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ తీసి ఉంచారు, ఆ సంగతి రాత్రి షిఫ్టువాళ్ళకి సరిగ్గా చేరలేదు, వాళ్ళు అదే పంపు ఆన్ చేశారు. ఇక్కడ మన దగ్గర కంపెనీ బస్సు ఆరున్నరకి బయల్దేరిపోతుంది, బస్సు మిస్సయితే కూర్మన్నపాలెం దాకా ఆటో డబ్బులు సొంతంగా పెట్టుకోవాలి, దాంతో సీ షిఫ్టు ఆపరేటర్ చెయ్యి ఊపుతూ "అంతా నార్మలే" అని వెళ్ళిపోతాడు. బస్సు పదిహేను నిమిషాలు ఆలస్యంగా పెట్టడం కూడా సేఫ్టీ పనే, మీటింగుల్లో దీన్ని అలా చూడరు.

ఒక విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఎంత బాగా చెప్పినా అది పాడైన వాల్వ్‌కి రిపేరు కాదు. ఈ ఊరు 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటలు చూసింది, 2012 జూన్‌లో స్టీల్ ప్లాంట్‌లో ఆక్సిజన్ పేలుడుకి 19 మందిని పోగొట్టుకుంది, 2013 ఆగస్టులో మళ్ళీ రిఫైనరీ కూలింగ్ టవర్ దగ్గర ప్రాణాలు పోయాయి. ప్రతి ప్రమాదం తర్వాత "కార్మికుల్లో అవగాహన లోపం" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. గార్డు లేని మెషీన్, ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే దానంతట అదే ఆపేసే ఏర్పాటు) పీకేసిన రియాక్టర్, గ్యాస్ డిటెక్టర్ పనిచెయ్యని షెడ్డు పెట్టి అవగాహన సదస్సులు పెడితే అది బాధ్యత కార్మికుడి మీదకి తోసెయ్యడం అవుతుంది. ముందు ప్లాంటు సరిగ్గా ఉండాలి, ఆ తర్వాత మిగిలిన ప్రమాదం గురించే మాట్లాడాలి.

కెమికల్ ముట్టుకోనివాళ్ళ సంగతి

2022లో అచ్యుతాపురంలో ఒక బట్టల కంపెనీలో జూన్ 3న ఒకసారి, ఆగస్టు 2న మళ్ళీ ఇంకోసారి విషవాయువు పీల్చి మహిళలు వాంతులతో, ఊపిరాడక పడిపోయారు, రెండుసార్లూ కలిపి వందల మంది. వాళ్ళు కుట్టుపని చేసే ఆడపిల్లలు, రోజూ చేతిలో గుడ్డ, దారం తప్ప కెమికల్ అనేది వాళ్ళ పనిలో లేదు. మరి గ్యాస్ వస్తే ఏ తలుపు నుంచి వెళ్ళాలి, ఎటువైపు నడవాలి అన్నది వాళ్ళకి ఎవరు నేర్పాలి? ఫ్యాక్టరీ పక్కన ఫ్యాక్టరీ ఉన్నచోట, కంచె అవతల ఊరు ఉన్నచోట, సేఫ్టీ ట్రైనింగు కెమికల్ ఆపరేటర్లతో ఆగిపోతే కుదరదు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో కూడా ఇది ఉంది, ప్రమాదం జరిగితే దెబ్బతగిలే అవకాశం ఉన్న బయటివాళ్ళకి ఏం ప్రమాదం రావచ్చు, వస్తే ఏం చెయ్యాలి అనేది యాజమాన్యం ముందే చెప్పాలి. శ్రీహరిపురం, మల్కాపురం, తానాం, పూడిమడకల్లో ఇంటింటికీ వెళ్ళి అడిగితే ఎంతమందికి చెప్పినట్టు తేలుతుందో చూడాలి.

ఇక్కడే విశాఖకి ఒక బలం ఉంది, దాన్ని వాడుకోవట్లేదు. తుఫాను హెచ్చరికల సంగతి ఈ తీరంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పోర్టులో ఒకటో నంబరు ఎగరేశారంటే దూరంగా ఏదో ఉందని, మూడో నంబరంటే వేటకి వెళ్ళొద్దని, పదో నంబరు అంటే ఇక ఇల్లు సర్దుకోవాల్సిందేనని చదువు లేని జాలరి కూడా చెప్తాడు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ తర్వాత అయితే ఇంకా బాగా పట్టుకున్నారు. ఆ నంబర్లు ఎందుకు పనిచేస్తున్నాయి? ఊరంతటికీ ఒకటే, ఏళ్ళ తరబడి మారలేదు, ప్రతి నంబరుకీ చెయ్యాల్సిన పని జనానికి తెలుసు. మన ఫ్యాక్టరీ సైరన్లకి ఈ మూడూ లేవు. ఒక ప్లాంటులో ఆగి ఆగి మోగితే ప్రమాదం, పక్క ప్లాంటులో అదే శబ్దం షిఫ్టు మారడానికి. ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ పనిచేసే కాంట్రాక్ట్ మనిషి ఏది గుర్తుపెట్టుకోవాలి? పరవాడలో ఉన్న కంపెనీలన్నీ కలిసి ఒకే సైరన్ కోడ్ పెట్టుకుని దాన్ని చుట్టుపక్కల ఊళ్ళలో కూడా చెప్తే, ఐదేళ్ళలో అది కూడా పదో నంబరంత పాపులర్ అవుతుంది.

గాలి సంగతి కూడా అంతే. గ్యాస్ లీకైతే గాలి వీచే దిక్కుకి అడ్డంగా, వీలైతే గాలికి ఎదురుగా వెళ్ళాలి, గాలి ఎటు తీసుకెళ్తుందో అటు పరిగెత్తకూడదు, అందుకే ప్లాంటు ఎత్తులో ఎర్రతెలుపు గుడ్డ గొట్టం కట్టి ఉంచుతారు. తీరం ఊరు కాబట్టి మనకి పగలు గాలి సముద్రం వైపు నుంచి భూమి మీదకి, రాత్రి భూమి వైపు నుంచి సముద్రం మీదకి మళ్ళడం మామూలే. అంటే పగటి షిఫ్టులో సురక్షితంగా ఉన్న అసెంబ్లీ పాయింట్ (ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటు) సీ షిఫ్టులో గ్యాస్ దారిలోనే ఉండొచ్చు. రెండు అసెంబ్లీ పాయింట్లు ఉండాలి, గుడ్డ చూసి ఏ పాయింట్‌కి వెళ్ళాలో తేల్చుకోవడం ప్రతివాడికీ రావాలి, రాత్రి ఆ గుడ్డ కనిపించాలంటే దాని మీద లైటు ఉండాలి.

మార్చి 4 వస్తుంది, నేషనల్ సేఫ్టీ డే అని జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, స్లోగన్ పోటీలు పెట్టి ప్రైజులిస్తారు. పోటీలు పెట్టుకోవచ్చు, దాంతోపాటు ఆ వారంలో ఒక రాత్రి మూడు గంటలకి, వెంకటాపురంలో ఆవిరి ఊళ్ళోకి వచ్చిన వేళకి, ఎవరికీ ముందు చెప్పకుండా మాక్ డ్రిల్ పెట్టాలి. మామూలు డ్రిల్ పగలు పదకొండుకి జరుగుతుంది, కలెక్టరేట్ నుంచి సార్లు వస్తారు, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాల్సినవాణ్ణి కూడా ముందే ఎంచి ఉంచుతారు. రాత్రి మూడింటికి పెట్టే డ్రిల్‌లో సైరన్ మోగించే పని షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి ఇవ్వకూడదు, చేరి నెలరోజులు కూడా కాని ఒక హెల్పర్‌ని బటన్ దగ్గరికి తీసుకెళ్ళి నొక్కమనాలి. మోగాక ఎవరెటు వెళ్ళారో చూడాలి, ఎంతమంది గుడ్డ వైపు తలెత్తి చూశారు, ఎంతమంది అలవాటుగా క్యాంటీన్ వైపో బస్సు ఆగేచోటుకో వెళ్ళారు, ఎంతమంది సైరన్ విని కూడా "టెస్టింగేమో" అనుకుని పని చేసుకుంటూ ఉండిపోయారు. పొద్దున్న షిఫ్టు దిగేముందు ఆ ఉండిపోయినవాళ్ళని కూర్చోబెట్టి, తిట్టకుండా, ఎందుకు కదల్లేదో వాళ్ళ భాష వచ్చిన మనిషితో అడిగించి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.